సున్నం గీతకు ఇవతల

మా పశువుల ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. అంటురోగం ఉన్న కొట్టంలోకి వెళ్లే డాక్టర్ తన తెల్ల సూట్ తనే వేసుకోకూడదు, తనే విప్పుకోకూడదు. ఇంకో మనిషి వెనక నిలబడి జిప్పు పెట్టాలి, గ్లౌజుల అంచుల మీద టేపు చుట్టాలి. పని అయ్యాక డాక్టర్ గుమ్మం బయట పోసిన సున్నం గీత దాటి, వెనక్కి తిరిగి, చేతులు చాచి నిలబడాలి. అప్పుడు ఆ మనిషే టేపు కత్తిరించి సూట్ కిందికి లాగుతుంది. ఒకరి ఊపిరి ఒకరికి తగలకూడదని ఎదురుగా నిలబడరు. వీపు అప్పగించి ఊరుకోవాలి, అంతే.

నాకది మొదటినుంచీ నచ్చదు. నేను అనుమానం మనిషిని. కడుపుతో ఉన్నావని ఒక డాక్టర్ చెప్తే, నిజమేనా అని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తిన దాన్ని. "మూడో డాక్టర్ని కూడా అడుగు, పంచాయితీ తేలిపోతుంది" అని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. మూడో నెల. అంతకుముందు ఒకటి నిలవకుండా పోయింది కాబట్టి ఈసారి ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో తెలిస్తే నాలుగు మంచి మాటలు చెప్పి నన్ను పక్కన కూర్చోబెట్టి, నా పని ఇంకొకరి చేతిలో పెడతారని నా భయం.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి, పగలే దీపం పెట్టుకునేలా ఉంది. ఒక డెయిరీ యజమాని ఫోన్ చేశాడు. ఆవులు వరసగా నెలలు నిండకుండానే దూడల్ని పడేస్తున్నాయట. ఆ జబ్బేమిటో నేను అప్పుడే ఊహించాను. ఉమ్మనీటి నుంచి, మాయ నుంచి మనిషికి అంటుతుంది. కడుపుతో ఉన్న మనిషికి అంటితే లోపలి బిడ్డ దక్కడం కష్టం. తోటి డాక్టర్ సెలవులో ఉన్నాడు. రక్తం తీసుకుని వచ్చేయడమే కదా, సూట్ ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"ఈ రోజు ఏమైనా పడిందా?" అని డెయిరీ దగ్గర జీపు దిగగానే యజమానిని అడిగాను.

"లేదు మేడం. అంతా సర్దుకుంది."

అంత బురదలోనూ ఆయన చెప్పులు శుభ్రంగా కడిగి ఉన్నాయి. ఆ మనిషి మాట నేను నమ్మలేదు.

సూట్ తొడగడానికి మా అటెండర్ వచ్చింది. టేపు కత్తిరించే కత్తెర ఎప్పుడూ నడుముకి వేలాడుతుంటుందని అందరం కత్తెరక్క అంటాం.

"ఎడమ చేతికి ఇంకో చుట్టు చుట్టు అక్కా."

"చుట్టానమ్మా. నన్ను కూడా నమ్మవా?"

"నమ్మితే చుట్టమని ఎందుకంటాను?"

నవ్వుతూ ఇంకో చుట్టు చుట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "చివరి గదిలోకి మాత్రం వెళ్లకు డాక్టరమ్మా" అంది.

"ఎందుకు?"

"కరెంటు లేదు కదా."

కరెంటు కొట్టం మొత్తానికీ లేదు. ఆమె నా కళ్లలోకి చూడలేదు. ఈవిడ కూడా ఏదో దాస్తోందని అనుకుంటూనే లోపలికి అడుగుపెట్టాను.

రేకుల మీద వాన ఒకటే మోత. మాస్కు ఉన్నా తడిగడ్డి, ఫినాయిలు, పులిసిన పాలు కలిసిన వాసన లోపలికి వస్తోంది. ఆవులు తలలు తిప్పి చూసి మళ్లీ గడ్డిలో మూతులు పెట్టాయి. ఎక్కడో గొలుసు నేలకి రాసుకుంటోంది. ఒక్కొక్క ఆవు దగ్గరా రక్తం తీసుకుంటూ కొట్టం చివరికి వచ్చాను.

లోపలి గదిలో ఏదో మూలిగింది.

వెళ్లకూడదు. కానీ మూలుగు వినీ వెళ్లకపోతే నేనేం డాక్టర్ని? తలుపు తోశాను. ఎర్రావు ఒకటి పక్కకి ఒరిగి పడుకుని ఉంది. మాయ సగం వేలాడుతోంది. గడ్డి మీద గోనెపట్టా కప్పి ఉంది. దాని కిందినుంచి చిన్న గిట్టలు కనిపిస్తున్నాయి. యజమాని అబద్ధం చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

దేన్నీ ముట్టుకోకుండా వెనుదిరిగాను. అప్పటికే కళ్లద్దాలకి ఆవిరి పట్టి అంతా పాలిపోయినట్టు కనిపిస్తోంది. గోడ పట్టుకుని నడిచాను... కొంత దూరం నడిచాననే అనుకున్నాను. కాళ్ల దగ్గర తెల్లగా సున్నం గీత కనిపించింది. హమ్మయ్య అనుకుని దాటాను. వెనక్కి తిరిగి చేతులు చాచాను.

వెనక నుంచి చేతులు వచ్చాయి.

కత్తెర చప్పుడు... ముందు కుడిచేతికి, తర్వాత ఎడమచేతికి. వీపు మీద జిప్పు మెల్లగా దిగింది. పని బాగా తెలిసిన చేతులు. ఎక్కడా తొందర లేదు.

"ఎన్నో నెల?"

చెవి పక్కనే గుసగుస. అక్కకి ఎలా తెలిసింది? పిల్లల్ని కన్న మనిషి, నడక చూసి పట్టేసి ఉంటుంది. కోపం రావాలి నిజానికి. రాలేదు. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే మోసిన మాటని ఇంకొకరు అందుకున్నట్టు ఏడుపొచ్చింది.

"మూడు" అన్నాను. "ఎవరికీ చెప్పకు అక్కా."

"చెప్పను."

సూట్ భుజాల మీంచి కిందికి జారింది.

"మొదటిదేనా?"

"ఒకటి పోయింది."

"నాకూ..."

ఒక చెయ్యి ముందుకొచ్చి నా పొట్ట మీద ఆగింది. గ్లౌజు లేదు. ఉత్త చెయ్యి. విప్పే మనిషి గ్లౌజు లేకుండా ముట్టుకోనే కూడదు.

"అక్కా, నీ గ్లౌజులేవి?"

మాస్కు ఊడింది. కళ్లద్దాలు ఊడాయి.

ఎదురుగా ఎర్రావు.

గోనెపట్టా... చిన్న గిట్టలు... నేను ఆ గదిలోనే ఉన్నాను. సూట్ నా పాదాల దగ్గర పడి ఉంది. ఆ గాలే పీలుస్తున్నాను. కింద సున్నం గీత లేదు. చటుక్కున వెనక్కి తిరిగాను.

అప్పటిదాకా నా వీపు ఉన్న వైపు జానెడు దూరంలో గోడ ఉంది. ఆ సందులో మనిషి పట్టదు.

ఎలా బయటపడ్డానో తెలియదు. గుమ్మం బయట గొడుగు కింద నా కోసం కాచుకుని నిలబడి ఉంది కత్తెరక్క. నన్ను చూసి గొడుగు వదిలేసింది.

"సూట్ ఎవరు విప్పారమ్మా?"

"నువ్వు కాదా?"

ఆమె నన్ను నీళ్ల దగ్గరికి లాక్కెళ్లింది. సబ్బుతో నా ముఖం, చేతులు రుద్ది రుద్ది కడిగింది. నేను కడుపుతో ఉన్నానని చెప్తే అక్కడే చతికిలబడి తల పట్టుకుంది. ఆ తర్వాత దారి పొడుగునా జీపులో చెప్పింది. నాకు ముందు ఇక్కడ పనిచేసిన డాక్టరమ్మ ఏడో నెలలో ఈ కొట్టానికే వచ్చిందట. పొట్ట పట్టక సూట్‌ని పక్కల్లో కత్తిరించి గుడ్డ ముక్కలు వేసి కుట్టుకుందట. ఆవు ఉమ్మనీటి తడి ఆ కుట్లలోంచే దిగింది. ముందు బిడ్డ పోయింది, తర్వాత ఆవిడ. ఆ సూట్‌ని కత్తెరక్క తన చేతులతోనే తగలబెట్టిందట.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతావా?"

నమ్మేదాన్ని కాదు.

పెద్దాసుపత్రిలో నా రక్తం తీసుకున్నారు, మందులిచ్చారు. ఫలితం రావడానికి టైం పడుతుందన్నారు. మా ఆయన ఈసారి ఏ జోకూ వేయలేదు. రాత్రంతా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున డెయిరీ యజమాని, మేం వాడిన సూట్లు వేసే పసుపు సంచి ఒకటి మా ఆఫీసుకి పంపించాడు. గుమ్మం దగ్గర మూతి కట్టి ఉందట, నేను మర్చిపోయాననుకున్నాడు. కాల్చేసే గుంత దగ్గర గ్లౌజులు వేసుకుని, మాస్కు పెట్టుకుని కత్తెరక్క సంచి విప్పింది. పైన నా సూట్ ఉంది, పద్ధతి ప్రకారం లోపలి వైపు బయటికి తిప్పి మడిచి. దాని కింద ఇంకో సూట్.

దాని జిప్పు మెడ దాకా పెట్టే ఉంది. మణికట్ల దగ్గర టేపు కత్తిరించలేదు. పక్కల్లో గుడ్డ ముక్కలు, చేతికుట్టు. లోపలి మనిషి ఏదీ విప్పకుండానే వెళ్లిపోయినట్టుంది.

"ముట్టుకోకమ్మా" అంది కత్తెరక్క.

గ్లౌజు తొడుక్కుని ముట్టుకున్నాను. చేతులు, భుజాలు, కాళ్లు, అన్నీ రాత్రి చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. పొట్ట దగ్గర మాత్రం వెచ్చగా ఉంది.

గ్లౌజు తీసి, చేతులు కడుక్కుని, నా పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను.

చల్లగా ఉంది.