పక్క సీటు బెల్టు

నా కారు ముందు బోర్డు మీద ఏదో ఒక దీపం వెలగని రోజంటూ ఉండదు. పాత కారు, పాత డ్రైవరు. తెల్లారకముందే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా జనాన్ని అటూ ఇటూ చేరవేస్తాను. సాయంత్రానికి నడుము నాది కాదు. అలాంటివాడికి కారు కూడా తన బాధలు చెప్పుకుంటానంటే వినే ఓపిక ఎక్కడుంటుంది?

దీపాల సంగతి నాకు చెప్పింది కార్లకు వైరింగు చేసే కరెంటు బాబాయి. చుట్టమేం కాదు, మా స్టాండులో అందరికీ బాబాయే. "ఎర్రది వెలిగితే ఆగు. పసుపుది వెలిగితే ఇవాళో రేపో చూపించు. పచ్చదీ నీలందీ ఊరికే కబుర్లు చెప్తాయి, పట్టించుకోకు," అనేవాడు.

సీటు బెల్టు గుర్తు ఎర్రది. అదే నా ప్రాణం తోడేసింది. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా వెలిగేది. వెలిగి ఊరుకుంటుందా, టింగు టింగుమంటూ చెవిలో జోరీగలా మోగేది. సీటు కింద బరువు కనిపెట్టే సెన్సారు పాడైందన్నాడు బాబాయి. కొత్తది వేశాడు. అదీ అదే పాట పాడింది.

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్?" అన్నాను.

"ఖాళీ సీటుకే బెల్టు పెట్టేయ్. అందరూ చేసే పనేగా. దాని నోరు మూతపడుతుంది, నీ చెవులు బతుకుతాయి."

పెట్టేశాను. నిజంగానే నోరు మూసుకుంది. ఎక్కినవాళ్ళందరినీ వెనకే కూర్చోబెట్టేవాణ్ణి, ఆ బెల్టు మాత్రం తీసేవాణ్ణి కాదు.

కొన్నాళ్ళకి కారు పక్క సీటు వైపు లాగడం మొదలైంది. ఆ వైపు చక్రంలో గాలి తగ్గిందని పసుపు దీపం. గాలి పట్టించుకొస్తే మర్నాడు మళ్ళీ అదే దీపం. పంక్చరేమీ లేదు. "ఆ పక్కన ఎవర్ని కూర్చోబెట్టి తిప్పుతున్నావన్నా, ఇంత బరువు?" అని గాలి కొట్టేవాడు నవ్వాడు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఆ రోజు వాన. అప్పుడే చీకటి పడింది. మా ఆవిడకి సాయంత్రం డ్యూటీ ఉంటే మా పాప బడి నుంచి మా అక్క ఇంటికి వెళ్తుంది. పని ముగించుకుని నేను తీసుకొస్తాను. ఆరేళ్ళది. నా వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టగానే ఒరిగిపోయింది. నిద్రపోతుందిలే అనుకుని బండి పోనిచ్చాను. కళ్ళు మండుతున్నాయి.

గోడౌన్ల వెనక రోడ్డులో వీధి దీపాలు లేవు. అద్దం మీద వైపర్ల కిర్రు చప్పుడు, పైన వాన చప్పుడు, అంతే. కాసేపటికి లోపల తడి బట్టల వాసన మొదలైంది. పాప గాని తడిసిందా అనుకున్నాను. తడవలేదు, గొడుగు పట్టి నేనే ఎక్కించాను. చక్రం గుర్తు పసుపు రంగులో వెలిగింది. స్టీరింగు పక్కకి లాగింది. విసుక్కుంటూ అటు చూశాను.

బెల్టు సీటుకి అతుక్కుని లేదు. ముందుకొచ్చి ఉంది... బిగుతుగా. బెల్టుకీ సీటుకీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు.

అది కొంచెం పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా..." వెనక నుంచి పాప గుసగుస.

"పడుకో తల్లీ."

"ఆవిడకి ఊపిరాడట్లేదంట. బెల్టు తీయమంటోంది."

"ఎవరమ్మా?"

"ముందు కూర్చుందిగా."

బ్రేకు తొక్కాను. పాపని ఎత్తుకుని వానలో పరుగెత్తాలి, అదొక్కటే ఆలోచన. తలుపు తీయబోయాను. టక్... టక్... తలుపుల తాళాలన్నీ పడిపోయాయి. గుంజాను. రాలేదు. నాకేమైనా పరవాలేదు. నా బిడ్డ లోపలుంది.

"తీస్తాను," అన్నాను ఖాళీ సీటుతో. "తీస్తాను. వెళ్ళిపో. నా కూతురి జోలికి రాకు..."

బెల్టు బకిలు చల్లగా, తడిగా ఉంది. నొక్కాను. బెల్టు చటుక్కున పోలేదు. ఎవరో చేత్తో పట్టుకుని వదిలినట్టు మెల్లగా, మెల్లగా లోపలికి జారింది. బోర్డు మీద తలుపు గుర్తు ఎర్రగా వెలిగింది. నా కళ్ళెదుట తలుపు మూసే ఉంది. కాసేపటికి ఆ దీపం ఆరిపోయింది. తాళాలు లేచాయి. తడి వాసనా పోయింది.

దిగిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. పాప బుద్ధిగా కూర్చునే ఉంది. ఇంకో రెండు మలుపులు తిరిగితే ఇల్లు. పోనిచ్చాను. స్టీరింగు ఏ పక్కకీ లాగడం లేదు. ఎన్నాళ్ళకో భుజాలు తేలికపడ్డాయి. రేపు పని మానేసి పడుకోవాలి అనుకున్నాను.

టింగు.

ఎర్ర దీపం. ఈసారి పక్క సీటుది కాదు. వెనకది... పాప పక్కది.

టింగు. టింగు.

వెనక క్లిక్‌మని చప్పుడైంది. దీపం ఆరిపోయింది.

"చిన్నీ..." అన్నాను. తల తిప్పే ధైర్యం లేదు.

"నేనే పెట్టాను నాన్నా," అంది పాప నిద్రమత్తుగా. "మోగితే నీకు తలనొప్పి కదా."

బోర్డు మీద ఒక్క దీపం కూడా లేదు. అద్దంలోకి చూశాను. వెనక రెండు బెల్టులూ మెల్లగా లేస్తున్నాయి... దిగుతున్నాయి. రెండూ ఒక్కసారే.