ఆర్గన్ మీద మూడు బొట్లు

“అది ఇంట్లో ఉన్నంతకాలం నీకు మనశ్శాంతి ఉండదు, ఆ ఆడపిల్లలకు చోటూ ఉండదు. శనివారం పాత సామాను బండి వస్తుందిగా, పంపించెయ్ సీతా” అంది జానకమ్మ.

సీతాదేవి భర్త కోదండరామ్ పెద్దకర్మ ముగిసి అప్పటికి మూడు రోజులే అయింది. స్కార్‌బరో నుంచి వచ్చిన ఆడపడుచు జానకమ్మ ఇంకా హామిల్టన్‌లో తమ్ముడి ఇంట్లోనే ఉంది. ఆమె మాటను సీతాదేవి కాదనలేకపోయింది. తను నలభై ఏళ్ళుగా కిరాణా షాపు నడుపుతున్న మనిషి. కదలని సరుకు అరలో కూర్చుంటే కదిలే సరుకుకు చోటుండదని తనకు ఒకరు చెప్పాలా? ఇంటి కింద బేస్‌మెంట్‌లో భర్త వాయించిన ఆ పాత చెక్క ఆర్గన్ వాద్యం రెండు మంచాల చోటు తింటోంది. ఆ సంవత్సరం కాలేజీలకు వచ్చిపడిన పిల్లలకు ఊళ్ళో గదులే దొరకడం లేదు. షాపుకు వచ్చే నలుగురు తెలుగు అమ్మాయిలు ఒకే గదిలో వంతులవారీగా నిద్రపోతున్నారని విని, ఒకటో తారీఖుకి బేస్‌మెంట్ ఇస్తానని మాటిచ్చేసింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

కానీ ఆ ఆర్గన్...

కోదండరామ్ వారమంతా స్టీల్ ఫ్యాక్టరీలో పనిచేసి, శని ఆదివారాలు ‘ఐరన్ హార్బర్’ అనే రాక్ బ్యాండ్‌లో ఆర్గన్ వాయించేవాడు. వాళ్ళవి రెండు రికార్డులు వచ్చాయి. బ్యాండ్ విడిపోయాక ఇన్నేళ్ళూ బేస్‌మెంట్‌లో తనకోసం తనే వాయించుకున్నాడు. పైన వంటింట్లో ఆమె మడమతో నేలమీద రెండుసార్లు తట్టేది. అంటే సౌండ్ తగ్గించమని. ఆయన వెంటనే తగ్గించేవాడు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఆనాడు నేలకు తగిలిన ఆ దెబ్బలన్నీ ఇప్పుడు తిరిగొచ్చి ఆమె గుండెకు తగులుతున్నాయి. ఆయన పాట గొంతు నొక్కింది తనేనా?

ఆ సంగీతం ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. అయినా ప్రతి విజయదశమికి షాపులో కాటాకు, గల్లాపెట్టెకు బొట్టు పెట్టి, అదే చేత్తో బేస్‌మెంట్‌లోకి దిగి ఆర్గన్ చెక్క మీద మూడు కుంకుమ బొట్లు పెట్టేది. పనిముట్టు ఏదైనా పనిముట్టే కదా!

జానకమ్మ దాన్నీ వదల్లేదు. “ఇన్నేళ్ళు బొట్లు పెట్టావు. ఏం మిగిలింది మా వాడికి? వాడి పేరు పట్టుమని పది మందికి తెలుసా? ఇక ఈ కుంకుమతో నీకేం పనిలే” అంటూ దేవుడి అరలోని భరిణ తీసి తన సంచిలో వేసుకుంది. అర దాకా వెళ్ళిన సీతాదేవి చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

శనివారం పొద్దున కోదండరామ్ బ్యాండ్ అభిమానులెవరో వచ్చి పెరట్లో ఓ పది నిమిషాలు నిలబడి వెళ్తారని కూతురు ధాత్రి ముందే చెప్పింది. పది మందికి సరిపడా టీ పెట్టింది సీతాదేవి. తీరా చూస్తే షాపు నడిపిన కళ్ళకు లెక్క వెంటనే తెలిసిపోయింది. నలభై మందికి తక్కువ లేరు! నెరిసిన గడ్డాలు, ఫ్యాక్టరీ జాకెట్లు, బస్సు డ్రైవర్లు, ఆసుపత్రి మనుషులు. ఒకరి టోపీ మీద, ఒకరి కోటు మీద, ఒకాయనకైతే మణికట్టు మీద పచ్చబొట్టుగా... అందరికీ మూడు ఎర్రచుక్కలు!

“ఇదెక్కడి చోద్యం?” అంది జానకమ్మ మెల్లగా.

హాలిఫాక్స్ నుంచి వచ్చిన మార్గరెట్ అనే రిటైర్డ్ నర్సు ముందుకు వచ్చింది. చంకలో చిన్న కీబోర్డు ఉంది. రికార్డు అట్ట మీది ఫోటోలో ఆర్గన్‌కున్న ఆ మూడు చుక్కలు చూసి అదేదో రహస్యమైన గుర్తు అనుకున్నామనీ, కీబోర్డు వాయించే వాళ్ళంతా నెయిల్ పాలిష్‌తో అలాగే పెట్టుకున్నామనీ చెప్పింది. ఏళ్ళ తరబడి వాదించుకుని, చివరికి తనే ఆయనకు ఉత్తరం రాసిందట. జవాబు వచ్చిందట. మడతలు చిరిగిన ఆ కాగితం తీసి అక్కడే చదివింది. ఆ ఇంగ్లీషు మాటలు సీతాదేవి చెవిలో ఆయన గొంతుతో, తెలుగులోనే వినిపించాయి.

“ఆ చుక్కలు నా భార్య చేతివి. నా పాట ఆమెకు నచ్చదు. నచ్చని పనికి కూడా ఏటా దణ్ణం పెట్టే మనిషి ఇంట్లో ఉండగా, నేను ఒక్క స్వరం కూడా నిర్లక్ష్యంగా వాయించలేను.”

సీతాదేవి గుమ్మం పట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి. ఆయన పాటకు తను బరువు అనుకుంటే, ఆయన తననే బలం అనుకున్నాడు... ఒక్కసారైనా చెప్పలేదు!

మార్గరెట్ కీబోర్డు ముందుకు చాపింది. “ఇన్నేళ్ళూ రంగుతో పెట్టుకున్నాను. ఇవాళ మీరు పెడితే ఆయన పాట వాయిస్తాను.”

సీతాదేవి చెయ్యి కొంగు వెనక్కి వెళ్ళిపోయింది. “నేను పెట్టకూడదమ్మా... ఇప్పుడు నా చేత్తో పెట్టకూడదు.”

జానకమ్మ గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళింది. కోపం వచ్చిందేమోనని ధాత్రి కంగారుపడింది. తిరిగొచ్చేసరికి జానకమ్మ చేతిలో కుంకుమ భరిణ ఉంది. ముక్కు ఎర్రబడింది.

“తమ్ముడు నీ చేతి బొట్టు కావాలన్నాడు గానీ నా చేతిది కాదు” అంది. “నేను భరిణ తీసేసుకోవడం తప్పు. పెట్టు సీతా.”

“వదినా...”

“ఏడవడానికి రేపుంది. పాపం, ఆవిడ చేతులు నొప్పెడుతున్నాయి.”

సీతాదేవి కీబోర్డు మీద మూడు బొట్లు పెట్టింది.

అంతలో పాత సామాను తీసుకెళ్ళే బండి వచ్చి ఆగింది. డ్రైవరు ఏం తీసుకెళ్ళాలని అడిగాడు. సీతాదేవి కళ్ళు తుడుచుకుని పెరట్లో జనాన్ని ఒకసారి కలియజూసింది. ఆ ఆర్గన్ మోయాలంటే ఆరుగురు మగాళ్ళు కావాలి. ఇక్కడ ఊరికే నిలబడ్డ జబ్బలెన్ని!

“మీలో నడుంనొప్పి లేనివాళ్ళు ఎంతమంది?” అని అడిగింది.

నవ్వులు లేచాయి. తొమ్మిది చేతులు పైకి లేచాయి. ఆర్గన్ బేస్‌మెంట్ మెట్లెక్కి హాల్లోకి వచ్చింది. హాల్లోని సోఫాలు రెండూ బండెక్కాయి. “మరి నేనెక్కడ కూర్చోను?” అని జానకమ్మ అడిగితే, ఆర్గన్ ముందరి బల్ల చూపించింది మరదలు. ఒకటో తారీఖుకి అమ్మాయిలకు బేస్‌మెంట్ సిద్ధం. మాట మాటగానే ఉంది.

ఆర్గన్ మీది పాత బొట్ల మీదే కొత్తగా మూడు బొట్లు పెట్టి, సీతాదేవి వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ టీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి నలభై మందికి. హాల్లో మార్గరెట్ ఆర్గన్ మీద వేళ్ళు ఉంచింది. చెక్క నేల అదిరింది. సీతాదేవి మడమ ఎత్తి రెండుసార్లు తట్టింది.

పాట ఆగింది. “తగ్గించాలా?” అని మార్గరెట్ అడిగింది.

“కాదమ్మా, పెంచు” అంది సీతాదేవి.