జాకబ్ కూర్చున్న షటర్

ఇబ్రహీంపట్నం బస్టాండ్ వెనక గల్లీలో ఆఖరి షటర్ ఉంది చూశారూ... చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ బండి కూడా ఆపరు. టీ తాగేవాళ్లు సైతం గ్లాసులు పట్టుకుని ఇవతలి షటర్ల దగ్గరే నిలబడతారు.

అందులో జాకబ్ అనే ఆయనకు డీటీపీ షాపు ఉండేది. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు — అన్నీ ఆయనే టైపు చేసి ఇచ్చేవాడు. ఒక రాత్రి కీబోర్డు మీద చేతులు పెట్టుకునే పోయాడు. గుండెపోటు. ఆ తర్వాత అక్కడ కర్రీ పాయింట్ పెట్టినవాడు నెల తిరక్కుండానే మూసుకుని పోయాడు. నన్నడిగితే అందుకు వాడి కూరలే కారణం. కానీ నన్నెవరు అడుగుతారు? జాకబ్ ఇంకా కుర్చీ వదల్లేదని ఊరు తేల్చేసింది.

దయ్యాలను నేను నమ్మను. కంప్యూటర్లనైతే అసలే నమ్మను. ఈ సంగతి నాకు చెప్పింది ఐలేష్. చెబుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

ఐలేష్ చెరువు కట్ట కింద చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్లవాడు. డిప్లొమా చేసి, పేరు చెడ్డ షటర్ గనక అద్దె తక్కువని అదే తీసుకున్నాడు. జాకబ్ కంప్యూటర్‌ను ఆయన బామ్మర్ది అమ్ముతున్నాడని తెలిసి, అదీ తెచ్చి అక్కడే పెట్టాడు. "షటరూ ఆయనదే, మిషనూ ఆయనదే... ఇగ ఆయనొక్కడే తక్కువ" అని గల్లీ అంతా వెక్కిరించింది.

షాపు తెరిచిన కొన్నాళ్లకే మొదలైంది. రాత్రి షటర్ మూసి తాళం వేశాక...

టక్... టక్... టక్...

లోపల ఎవరో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేస్తున్నట్టు. వాచ్‌మన్ విన్నాడు. ఆఖరి బస్సు దిగినవాళ్లు విన్నారు. ఐలేష్ మాత్రం ఎలుకలని కొట్టిపారేసి, చీకటి పడకముందే ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాడు.

అలా పోతున్న ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"తమ్మీ... నేను జాకబ్ భార్యను. అరుణజ్యోతిని."

ఆమె అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక దవాఖానలో నర్సు. గొంతు నెమ్మదిగా ఉంది.

"రేపు పొద్దుగాల మా ఆయన జ్ఞాపకార్థ కూడిక తమ్మీ. ఏడాదయింది. ఆయన పాడుకున్న పాటలు గా కంప్యూటర్ల ఉండె. నా సోయిల నేను లేనప్పుడు మా తమ్ముడు అమ్మేసిండు. ఫొటోలున్నయ్... గొంతే లేదు. నాన్న గొంతు యాదికొస్తలేదమ్మా అని మా బిడ్డ ఏడుస్తున్నది."

"ఏడున్నయక్కా గా పాటలు?"

"స్విచ్ ఏస్తే రెండు వరుసలొస్తయంట గదా. రెండోది తీస్తే ఉంటయని చెప్తుండె."

నిజమే. ఆ మిషన్‌లో రెండు సిస్టమ్‌లున్నాయి. ఆన్ చేయగానే తెరమీద రెండు పేర్లు వస్తాయి. మొదటిది అందరూ వాడే విండోస్. రెండోది లైనక్స్ — జాకబ్ తన కోసం విడిగా పెట్టుకున్నది. ఐలేష్ ఏనాడూ దాని జోలికి పోలేదు.

"గింతేనా అక్కా? ఇట్ల తీసి అట్ల పంపుతా" అన్నాడు ఐలేష్. ఆ మాట అన్నందుకు తనను తాను ఎన్ని తిట్టుకున్నాడో లెక్కలేదు.

వెనక్కి వచ్చి షటర్ సగం దాకా ఎత్తి కూర్చున్నాడు. రెండో వరుస నొక్కాడు.

తెర నల్లగా అయింది. మూలన తెల్లగా ఒక ముక్క ఇంగ్లీషు... మీరు అడుగుతున్న పరికరం ఇక్కడ లేదు, అని. దాని కింద ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

ఆపి మళ్లీ వేశాడు. లేదు. మళ్లీ వేశాడు. లేదు. కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాడు. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్ది, ఊది, పెట్టాడు. క్యాబినెట్ నెత్తిన ఒకటి చరిచాడు కూడా. మొదటి వరుస నొక్కితే బుద్ధిమంతుడిలా లేస్తుంది. రెండోది నొక్కితే మళ్లీ అదే నలుపు, అదే ముక్క.

ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని చూశాడు. ఒకడు ఇది నొక్కమంటాడు, ఇంకొకడు అది నొక్కితే మునిగినట్టే అంటాడు. తన దగ్గరున్న పెన్‌డ్రైవ్‌తో వేరే లైనక్స్ ఎక్కించి లోపలికి తొంగి చూశాడు. జాకబ్ భాగం కనిపించింది... కానీ తాళం వేసి ఉంది. పాస్‌వర్డ్ అడిగింది. జాకబ్ పేరు కొట్టాడు. అరుణజ్యోతి పేరు కొట్టాడు. చర్చి పేరు, ఊరి పేరు, చివరికి కోపం కొద్దీ తన పేరు కూడా కొట్టాడు. కుదరదంటే కుదరదంది.

తల ప్రాణం తోకకొచ్చింది. విండోస్‌లోకి పోయి, పేరు లేకుండా పడి ఉన్న ఆ భాగం మీద నొక్కాడు. వెంటనే ఒక చిన్న పెట్టె లేచింది. దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

ఫార్మాట్ అంటే తుడిచేయడం. మౌస్ బాణం సరిగ్గా ఆ బటన్ మీదే ఉంది. వేలు కాస్త ఒరిగితే చాలు, ఆ మనిషి గొంతు ఈ లోకంలో ఇక ఉండదు. ఐలేష్ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అప్పుడు వినపడింది.

టక్... టక్...

ఐలేష్ కీబోర్డు వైపు చూశాడు. మీటలు కదలడం లేదు. లోపల ఎవరూ లేరు. చప్పుడు నెత్తి మీద నుంచి వస్తోంది.

టక్...

"జాకబన్నా..." అన్నాడు లోగొంతుకతో. "నీ పాటల కోసమే గదనే నాకీ తిప్పలు. జర సాయమన్న జెయ్... లేకుంటే సప్పుడన్న బంద్ జెయ్."

చప్పుడు ఆగింది.

టక్.

భయమూ కోపమూ రెండూ కలిసొచ్చాయి. కోపమే గెలిచింది. బడంగ్‌పేట్‌లో ఉండే అర్ఫాత్‌కు ఫోన్ కొట్టాడు. ఇద్దరూ కలిసి డిప్లొమా చదివారు. అర్ఫాత్‌కు ఇలాంటి పనులే బతుకుతెరువు.

"నీకు వేరే టైమ్ దొరకలేదా భాయ్?" అన్నాడు అర్ఫాత్ నిద్ర గొంతుతో. అంతా విని ఒక ఆవులింత తీశాడు. "పరికరం లేదంటుంది, తాళం అడుగుతుంది... ఆయన పెన్‌డ్రైవ్ పెట్టుకున్నట్టుంది. సిస్టమ్ లేసేటందుకు కావల్సింది, తాళంచెవి, రెండూ దాంట్లనే ఏసి ఎనక గుచ్చి ఉంచుతరు కొంతమంది. అది పీకితే మొదటిది లేస్తది గని రెండోది లేవదు. ఎనక ఏమన్న గుచ్చి ఉండెనా?"

ఐలేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఉండింది.

మిషన్ తెచ్చిన రోజున అతని తల్లి నర్సింహమ్మ పసుపు కుంకాలు పట్టుకుని షాపుకు వచ్చింది. ఎర్రగుడ్డ పెట్టి క్యాబినెట్ వెనకంతా తుడుస్తుంటే ఆమెకు ఏదో తగిలింది. మూత ఊడిపోయిందని జాకబ్ నల్లదారం గట్టిగా చుట్టి పెట్టుకున్న ముక్క. అందులో ఒక చిన్న లైటు మిణుకు మిణుకుమంటోంది. నల్లదారం, మిణుకు వెలుగు, చచ్చిన మనిషి సామాను... ఎవరో చేతబడి చేసి పెట్టారని ఖాయం చేసుకుంది. పీకి, నిమ్మకాయలతో కలిపి అదే ఎర్రగుడ్డలో మూటకట్టి, చెరువు నడుమ వేసి రమ్మని తమ్ముడు ఎంకయ్య చేతిలో పెట్టింది. ఐలేష్ అప్పుడు బోర్డు బిగిస్తూ ఉన్నాడు. చూసీ పట్టించుకోలేదు.

బండి తీసి కట్ట మీదికి పోయాడు. ఎంకయ్య గుడిసె ముందు వలల పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు.

"మామా! లే మామా! అమ్మ ఇచ్చిన మూట చెరువుల ఏడ ఏసినవ్?"

ఎంకయ్య లేచి కూర్చుని చాలాసేపు తల గోక్కున్నాడు.

"మీ అమ్మకు చెప్పకు."

"చెప్ప గని, ఏడ ఏసినవ్?"

"ఏయలే."

"ఏయలేదా?"

"దయ్యాన్ని తీస్కపోయి నేను దినాం దిగే నీళ్లల్ల ఏస్కుంటనా రా? మెడ లోతు దాక దిగి వల గుంజేది నేను, మీ అమ్మ గాదు."

"మరి ఏం జేసినవ్ మామా!"

"ఎక్కడిది అక్కడనే ఉంటె మంచిదని... నీ షటర్ మీద బోర్డు లేదా, దాని ఎనక కట్టొచ్చిన."

ఐలేష్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ గల్లీ అంతటినీ భయపెట్టింది ఎండిపోయిన నిమ్మకాయలు! చెరువు గాలికి మూట ఊగి రేకు బోర్డుకు కొట్టుకుంటుంటే, ఊరు జాకబ్ టైపు చేస్తున్నాడనుకుంది. మామను తిట్టాలో కాళ్లు మొక్కాలో తెలియలేదు. ఏదీ చేయకుండానే బండి తిప్పాడు.

స్టూలు వేసుకుని బోర్డు వెనక చెయ్యి పెట్టాడు. ఉంది. మూట విప్పి, దారం కోసి, ఆ ముక్కను చొక్కాతో తుడిచి గుచ్చాడు. రెండో వరుస నొక్కాడు.

మీరు అడుగుతున్న పరికరం ఇక్కడ లేదు.

ఏడుపొచ్చిందన్నాడు నాతో. నిజంగానే ఏడ్చాడట. ముక్కు చీదుకుని, తుప్పు పట్టిన చివరను గీకి, వెనక ఇంకో రంధ్రంలో గుచ్చాడు. లైటు ఒకసారి మిణుకుమంది. మళ్లీ నొక్కాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు జరజరా పరుగెత్తాయి... ఆగాయి... మళ్లీ పరుగెత్తాయి. తెర నీలంగా వెలిగింది. నడుమ ఒక ఫోల్డర్. దాని పేరు పాటలు.

అరుణజ్యోతికి ఫోన్ చేశాడు. ఆమె కూడా నిద్రపోలేదు. తెల్లవారకముందే స్కూటీ మీద వచ్చేసింది. బండి దిగి షటర్ బయటే ఆగిపోయింది. ఆయన కంప్యూటర్‌ను చూడలేకపోతోందేమోనని ఐలేష్ రమ్మనలేదు. అన్నిటికంటే పైనున్న పాట మీద నొక్కాడు.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత పాట. అంత గొప్ప గొంతేమీ కాదన్నాడు ఐలేష్. కాస్త బొంగురు. కానీ మనసు పెట్టి పాడుతున్నాడు.

"గదే..." అంది అరుణజ్యోతి. షటర్ కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "గదే గొంతు తమ్మీ..."

చరణం నడుమ పాట ఆగింది. కుర్చీ కిర్రుమంది. పాడుతున్న మనిషి తలుపు వైపు తిరిగినట్టు, గొంతు కొంచెం దూరమైంది.

"అరుణా... ఆడనే నిలవడ్డవేంది? లోపటికి రా."

అంతే. ఆపిన చోటు నుంచి మళ్లీ పాట అందుకున్నాడు.

ఐలేష్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మీరొచ్చినప్పుడు రికార్డు చేస్తుండెనేమో అక్కా."

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"నేను ఎన్నడూ రాలే తమ్మీ" అంది. "ఒక్కసారొచ్చి నా షాపు సూడవే అంటుండె. పెండ్లయిన కాంచి అంటనే ఉండె. డ్యూటీలని, పిల్ల అని... నాకు తీరనే లేదు. ఈ గల్లీల కాలువెట్టుడు ఇయ్యాల్నే మొదలు."

లోపల పాట సాగుతూనే ఉంది.

అరుణజ్యోతి చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చింది.