మగ్గం గది కిటికీ

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. లోపల మగ్గం మీద అమ్మ, గుమ్మం దగ్గర కండెలకు దారం చుడుతూ నాన్న, మంచంలో నానమ్మ, పుస్తకం ఒళ్లో పెట్టుకున్న కూతురు. పిల్ల నోట మాట బయటికి రాదని నానమ్మ ఆమెకు వెక్కిరింతగా మైకు అని పేరు పెట్టింది.

అంతవరకూ మగ్గం గది కిటికీ తెరవగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. తలుపు కింది సందులో తడిగుడ్డ కూడా కుక్కుతారు. చిన్నప్పటినుంచీ అది మైకు పని. పొడిగాలి తగిలితే పత్తి నూలు పుటుక్కున తెగుతుంది. ఒక ఏడు వడగాడ్పులకు వీధిలో మగ్గాలన్నీ ఆగిపోతే, కిటికీ బిగించుకున్న ఈ ఒక్క ఇంట్లోనే పొయ్యి వెలిగిందని నానమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇప్పుడు నేసేది పాలియెస్టర్. దానికి తడిగాలితో పని లేదు. మూసిన గదిలో దారం నూగు మాత్రం ఎగిరి ఎగిరి అమ్మ ఊపిరితిత్తుల్లో చేరుతోంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

అందుకే పొద్దున్నే మైకు కిటికీ తెరిచింది. మధ్యాహ్నానికి ఒక పోగు తెగింది. పోగులు రోజూ తెగేవే. అయినా నాన్న కండె పక్కన పడేసి, నీ చదువు నువ్వు చదువుకోక మగ్గం జోలికెందుకని కేకలేశాడు.

మైకు తల దించుకునే మాట్లాడింది.

“బళ్లో చెప్పారు నాన్నా. చలిలో ఒంటినిండా బొచ్చున్న జంతువే బతుకుతుందట. చలి పోయి ఎండలొచ్చాక ఆ బొచ్చే దాన్ని చంపుతుందట. మనుషుల అలవాట్లూ అంతేనట.”

“అంటే మీ నానమ్మ బొచ్చు జంతువా?”

“అననీరా,” అంది నానమ్మ మంచంలోంచి. “ఆ బొచ్చుండబట్టేగా నువ్వు పుట్టావు.”

“నిన్ను బతికించింది నానమ్మా. అమ్మని చంపుతోంది.”

నానమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. నాన్న మళ్లీ కండె అందుకున్నాడు గానీ దారం చుట్టలేదు.

అమ్మ మగ్గం దిగి వచ్చి, మైకు తడి చెంపకు అంటుకున్న నూగు తీసింది.

“నిజమేనేమో తల్లీ. కానీ అది తెరిచి ఉంటే నాకు చెయ్యి ఆడట్లేదే. ఎప్పుడు తెగుతుందో, ఎప్పుడు తెగుతుందో అనే ఉంటుంది.”

లోపలికెళ్లి కిటికీ బిగించింది. మైకు గుమ్మంలోనే నిలబడి ఉండగా తలుపు వేసేసుకుంది. మగ్గం చప్పుడు మొదలైంది, వెనకే దగ్గు.

ఏడుస్తూ కిందికి చూసుకుంది మైకు. తడిగుడ్డ అప్పటికే సందులో ఉంది. తోసింది తన కాలే.