రెండు దెబ్బలంటే ఆపు

సత్యవేడు దాటి నాగలాపురం దారి పట్టాక ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు కనబడుతుంది. అది మునివెంకటప్ప మెకానిక్ షాపు. ఏడాది కిందటి దాకా అందులో ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళు, గొంతు మాత్రం ఒక్కటే వినపడేది. అది ఆయనతో కలిసి పనిచేసే కుప్పయ్య గొంతు. ఇప్పుడు మునివెంకటప్ప రోజుకు పది మాటలు మాట్లాడితే ఎనిమిది బండ్లతోనే. మిగిలిన రెండూ టీ కొట్టువాడితో.

అంత వాగుడుకాయ కుప్పయ్య కూడా పనిలో దిగితే నోరు మూసుకోవలసిందే. షెడ్డు మధ్యలో తవ్విన గుంతలో నిలబడి, పైన ఇంజను మోగుతుంటే ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది? అందుకని ఇద్దరూ స్పానరుతో మాట్లాడుకునేవారు. గుంతలోంచి బండి అడుగున మూడు దెబ్బలు కొడితే స్టార్ట్ చెయ్యి. రెండు కొడితే ఆపు. ఒక్కటి కొడితే నువ్వు కూడా దిగి రా. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఎన్నడూ తప్పలేదు.

ఒక్కసారి తప్ప. పోయిన కార్తీకంలో కుప్పయ్య గుంతలో ఉండగా మెడ మీది తువ్వాలు ఇంజను బెల్టుకు చుట్టుకుంది. మునివెంకటప్ప డ్రైవరు సీట్లో ఉన్నాడు. చెవి దగ్గర ఫోను, నగరి నుంచి స్పేరు పార్టులవాడు. ఫోను పెట్టేసి ఇంజను ఆపి కిందికి చూసేసరికి అంతా అయిపోయింది.

మూడో రోజు కుప్పయ్య భార్య తిరుమలమ్మ షెడ్డుకు వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది. "మా ఆయన కొట్టలేదా అన్నా? ఒక్క తూరైనా కొట్టలేదా?"

"కొట్టలేదమ్మా. కొట్టింటే ఆపనా నేను?"

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఆ మాట నిజమేనని మునివెంకటప్ప తనకు తాను రోజూ చెప్పుకుంటున్నాడు. నిజం కాకపోతే ఆయన ఇక ఏ ముఖం పెట్టుకుని బతకాలి? ఆ రోజే గుంత మీద చెక్కలు పరిచేశాడు. బెల్టు పని వస్తే తడ ఊళ్ళో చేయించుకోమని పంపేసేవాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. పొద్దుగూకే వేళ, ముసురులో, పాల వ్యాను దయానంద్ వచ్చి ఆగాడు.

"బెల్టు తెగేట్టుండాదన్నా. తడ దాకా పోలేను, పాలు ఇరిగిపోతాయి. నువ్వే చూడాల."

పాలని చూసి కాదనలేకపోయాడు. చెక్కలు తీసి వ్యానును గుంత మీదికి తెప్పించాడు. గుంతలోంచి కాలిన నూనె వాసన, తడిమట్టి వాసన కలిసి పైకి వచ్చాయి. దయానంద్ టీ తెస్తానని రోడ్డు దాటాడు. మునివెంకటప్ప దిగి, పైకి చూడకుండా, చేతులు చెప్పినట్టు పని చేసి, బెల్టు మార్చి పైకి వచ్చేశాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. నాలుగు క్షణాలు బాగానే తిరిగింది. ఆగిపోయింది.

మళ్ళీ తిప్పాడు. అందుకుంది... ఆగిపోయింది.

"తిండి అందకపోయినా ఆగతాది, ఊపిరాడకపోయినా ఆగతాది" అనేవాడు కుప్పయ్య. మునివెంకటప్ప సీటు ఎత్తి డీజిలు ఫిల్టరు చూశాడు. శుభ్రంగా ఉంది. పైపులో గాలి చేరిందేమోనని నట్టు వదులు చేసి చేతిపంపు కొట్టాడు. ఒక్క బుడగ రాలేదు. గాలి ఫిల్టరు ఊడదీసి దులిపాడు. తీగలన్నీ లాగి చూశాడు. రోగమే లేని బండి, నడవనని మొండికేస్తోంది.

అప్పుడే కరెంటు పోయింది. రేకుల మీద చినుకుల చప్పుడు పెద్దదైంది. చీకట్లోనే సీటెక్కి తాళం తిప్పాడు. ఈసారి చెవి పెట్టి విన్నాడు.

ఇంజను మోత. దాని కింద... టక్. టక్.

ఆగిపోయింది.

ఏదో నట్టు వదులైంది. అంతే. టార్చి తీసుకుని గుంత అంచున వంగి చూశాడు. నూనె మరకలు. పాత బెల్టు. ఎవరూ లేరు. ఎవరుంటారు?

మళ్ళీ ఎక్కాడు. తాళం తిప్పాడు. టక్. టక్. ఆగిపోయింది.

"ఏం చేస్తా ఉండావన్నా?"

దయానంద్ టీ గ్లాసులతో వ్యాను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"స్టార్టయి ఆగిపోతా ఉండాది రా. యాడ తప్పో తెలీలేదు."

దయానంద్ గ్లాసులు పక్కన పెట్టి, టార్చి వెలుగులో తాళం వైపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఆగిపోయేదేముండాదన్నా. నువ్వే గదా తాళం తిప్పి ఆపేస్తా ఉండావు."

మునివెంకటప్ప కిందికి చూసుకున్నాడు. కుడిచెయ్యి తాళం మీద ఉంది. తాళం ఆపే వైపు తిరిగి ఉంది.

"నీకు... కిందినించి శబ్దమేమైనా ఇనపడిందా?"

"నాకేం ఇనపళ్ళేదు. దిగన్నా, నేను చూస్తా."

దయానంద్ ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను సాఫీగా తిరిగింది. ఒక నిమిషం... రెండు నిమిషాలు. ఆగలేదు. "పోయి పండుకోన్నా, ఒంట్లో బాగలేనట్టుండాది నీకు" అని వెళ్ళిపోయాడు. వెనక ఎర్రదీపాలు ముసురులో కలిసిపోయే దాకా మునివెంకటప్ప చూస్తూ నిలబడ్డాడు.

కుప్పయ్య కొట్టాడు. ఆ రోజు కూడా కొట్టాడు. చెవి ఫోను దగ్గర ఉన్నా చెయ్యి విన్నది. విన్న చెయ్యి ఏడాది ఆలస్యంగా, ఇప్పుడు, మళ్ళీ మళ్ళీ ఆపుతోంది. తిరుమలమ్మకు చెప్పింది అబద్ధం. ఆయనకు ఏడుపు వచ్చింది. పక్కన ఉండి ఊరుకోమనేవాళ్ళు లేరు గనుక చాలాసేపు ఏడ్చాడు.

"రేపు పోయి చెప్తాలే కుప్పయ్యా. నువ్వు కొట్టినావని చెప్తా" అన్నాడు గుంత వైపు తిరిగి.

చెక్కలతో గుంత మూసేద్దామని వంగాడు. పైన బండి లేదు. కొట్టడానికి ఇనుమే లేదు. అయినా వినపడింది.

టక్.

రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాడు. రెండోది రాలేదు.

ఒక్కటే.

ఏడాదిగా ఆయన్ని రమ్మని పిలిచిన మనిషి లేడు. చెక్క వదిలేశాడు. లుంగీ ఎగ్గట్టి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

లోపల చీకట్లో, ఎవరో చోటిస్తున్నట్టు, కాస్త పక్కకు జరిగిన చప్పుడైంది.