కొక్కెం విప్పిన సాయంత్రం

1998 నవంబరు 17, మంగళవారం. ఆస్ట్రేలియాలో నవంబరంటే ఎండలు ముదిరే నెల, పొద్దున్నే ఎండ నలభై డిగ్రీలు దాటింది. ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు కొడుతోంది. మధ్యాహ్నానికి పడమటి ఆకాశం ఎర్రమట్టి రంగుకి తిరిగింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టి ఉంటే, కారవాన్‌ని వెనక్కి నడిపి చూడు అని కూడా అనేవారు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఆ చక్రాల ఇంటికి వెనకనడకలో సొంత బుద్ధి పుడుతుంది. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. దాని మూలంగా విడిపోయిన కాపురాలు రెండు నాకే తెలుసు. అందులో ఒక జంట చర్చిలో పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళు. సరే, అది వేరే కథ.

నోలా ట్రెలోర్‌కి మోటార్‌హోమ్ కావాలి. ఇంజనూ మంచమూ ఒకే బండిలో ఉంటాయి. భయమేస్తే బయట కాలు పెట్టకుండానే నడుపుకుని పోవచ్చు. ఆమె మొగుడు మెర్విన్ సీసం కరిగించే కార్ఖానాలో మేస్త్రీగా చేసి రిటైరైనవాడు, కారవాన్ అంటే ప్రాణం. నచ్చకపోతే కొక్కెం విప్పి వదిలేసి పోవచ్చు, ఇల్లూ బండీ ఒక్కటైతే ఎక్కడికి పోతావు, అనేవాడు. ఏడాదంతా ఇదే రగడ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పాత కారవాన్ ఒకటి కొని ఒక్క ప్రయాణం చేద్దాం, నోలాకి నచ్చకపోతే దాన్ని అమ్మేసి మోటార్‌హోమ్ తీసుకుందాం అని.

ఆ పాతది ఒక రైతు భార్య షెడ్డులో దొరికింది. మొగుడు పోయి చాలా ఏళ్ళయిందట. తాళాలు కంచె అవతలి నుంచే విసిరింది తప్ప దాని దగ్గరికి రాలేదు.

"మోకాళ్ళ నొప్పులేమో పాపం," అన్నాడు మెర్విన్.

"షెడ్డు నుంచి ఇంటికి పరిగెత్తింది, నువ్వు చూళ్ళేదా?" అంది నోలా.

సాయంత్రం కాకుండానే దుమ్ము తుఫాను వాళ్ళని అందుకుంది. రోడ్డు పక్క బళ్ళు ఆపుకునే చోట ఒక ఇనప నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేం లేదు. గాలికి కారవాన్ బోర్లా పడకుండా ఆ ట్యాంకుకి ఆనించి నిలపాలి.

"దిగు ముసలిదానా. రమ్మను నన్ను."

"నేను అద్దంలో కనబడకపోతే ఆపెయ్యాలి. తెలుసుగా?"

"పడవ బండిని వెనక్కి నడిపినప్పుడల్లా ముప్ఫయ్యేళ్ళ నుంచీ చెబుతున్నావే తల్లీ!"

ఈ దేశంలో కాపురాలు నిలబడేది ఆ చేతి సైగల మీదే. వెనక భార్య నిలబడుతుంది. వేళ్ళు కలిపి ఊపితే రా, చేతులు అడ్డంగా పెడితే ఆగు. నోలా ఎప్పటిలాగే కుడి పక్క నిలబడింది. పొద్దు ఉండగానే లోకం ఎర్రగా చీకటి పడింది. నాలుక మీద తుప్పు రుచి. ఎక్కడిదో తడిసిన కంబళి వాసన. చుక్క వాన లేదే మరి...

ట్యాంకు దగ్గరైంది. చేతులు అడ్డంగా పెట్టింది. కారవాన్ ఆగలేదు.

"మెర్వ్! ఆపు!"

అప్పుడు చూసింది. కారవాన్ ఎడమ పక్క నుంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. వేళ్ళు కలిపి ఊపుతోంది. అచ్చం నోలా ఊపినట్టే. రా... ఇంకా రా... మోచేయి ఉండాల్సిన చోట వంపు లేదు.

తప్పుకునేలోపే నోలా ఎడమ చెయ్యి ట్యాంకుకీ బండికీ మధ్య పడింది. ఎముకలు ఎండుపుల్లల్లా విరిగిన చప్పుడు ఆమెకి ముందు వినబడింది, నొప్పి తరవాత తెలిసింది. ఆమె అరుపుకి మెర్విన్ బండి ముందుకి లాగి, దూకి వచ్చాడు.

"నువ్వే కదే రమ్మన్నావు! ఎడమ అద్దంలో..."

"నేను ఎడమకి రాలేదు," అని గొణిగింది. "మెర్వ్... పోదాం పద."

మెర్విన్ ఆమె చెయ్యి చూశాడు. వేళ్ళు మూడు తోలుతో వేలాడుతున్నాయి. మొహం నల్లబడింది. జాకీ రాడ్డు తీసుకుని, "ఎవడ్రా అక్కడ, బయటికి రా లంజాకొడకా!" అంటూ ఎడమ పక్కకి పోయాడు.

రాడ్డు రేకుని కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బ మెత్తని దాని మీద పడింది. ఆ తరవాత దెబ్బలు అతనివి కావు.

నోలా వంగి బండి కింది నుంచి చూసింది. మెర్విన్ బూట్లు నేల విడిచి లేచాయి. ఒకటి ఊడి పడింది. తలుపు మూసుకుంది. కారవాన్ ఊగింది... లోపల ఎవరో బరువైన గోనెని ఇటు గోడకీ అటు గోడకీ విసురుతున్నట్టు. చిన్న కిటికీ అద్దం మీద లోపలి నుంచి రక్తం పాకి జారింది. తరవాత అంతా ఆగిపోయింది.

కారు ఇంజను ఇంకా నడుస్తోంది. అది లాగేది మాత్రం ఆ గదినే.

నోలా కుడిచేత్తో గొలుసులు విప్పింది. పళ్ళు బిగించి కారవాన్ మూతి కింద ఆసరాగా ఉండే చిన్న చక్రం దించింది. కొక్కెం మీద చెయ్యి వేసింది. లోపల్నుంచి మెర్విన్ గొంతు, మెల్లగా, ముద్దుగా:

"నోలా... వెనక్కి రా..."

చెయ్యి ఆగింది. నలభై ఏళ్ళ కాపురం ఆ రేకు అవతల ఉంది. బతికున్నాడేమో...

"ఇంకా రా... ఇంకా..."

మెర్విన్ ఏ రోజూ ఆమెని అలా పిలవలేదు. "ముసలిదానా" అనేవాడు.

కొక్కెం లేపింది.

మర్నాడు పోలీసులు తలుపు బద్దలుకొట్టారు, లోపల గడియ పెట్టి ఉంది. మెర్విన్ మంచం మీద ఉన్నాడు, దుప్పటి గడ్డం దాకా కప్పి. దుప్పటి కింద ఏముందో చూసిన కుర్ర పోలీసు ఉద్యోగం మానేశాడు.

మెర్విన్ వీలునామా ప్రకారం ఇల్లు నోలాకి వచ్చింది. కారు కొడుకు గార్త్‌కి, చేపల పడవ కూతురు లినెట్‌కి. కారవాన్ తనకి ఇస్తాడని ఆశపడిన మెర్విన్ తమ్ముడు కీత్‌కి ఏమీ రాలేదు. మూడు వారాల తరవాత పోలీసులు లోపలి సామాను సంచీలో వేసి నోలాకి అప్పగించారు. అందులో పళ్ళ బ్రష్షులు మూడున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి మెర్విన్‌ది.

మూడోది ఇంకా తడిగా ఉంది.