బువాలాయ్ ఇంకా రాలేదు

వ్యాన్ బయలుదేరాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. సరిహద్దు ఊరు ముక్దాహాన్‌లో బజారు పక్కన కాఫీ కొట్టు చూరు కింద నిలబడి డ్రైవర్ దిన్ రోడ్డు చివరికంటా చూస్తున్నాడు. ఆకాశం ముసురు పట్టి ఉంది. వ్యాన్‌లో కూర్చున్న రిటైర్డ్ టీచర్, ఆయన భార్య ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అందరూ నది దాటి లావోస్ వైపు సవన్నఖేత్ వెళ్లాల్సినవాళ్లే.

అందరికంటే ఎక్కువ చిరాకు పడుతున్నది కొప్. వాళ్ల భాషలో కొప్ అంటే కప్ప. వానల్లో పుట్టిందని అమ్మ పెట్టిన ముద్దుపేరు. గుర్తింపు కార్డు మీద ఏ పేరున్నా, ఊరంతా పిలిచేది ఆ పేరుతోనే. ఖోన్ కేన్‌లో పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. కరిచే కుక్కల్ని కూడా బుజ్జగించే ఆ పిల్లకి మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఓర్పు చాలదు.

ఇక ఆగలేక దిగి దిన్ దగ్గరికి వచ్చింది.

"ఇంకా ఎవరి కోసమండీ?"

"మీవాళ్ల కోసమేనండీ. మీ ఇంటి నుంచి ముగ్గురు కదా. మీరు, అమ్మగారు, ఇంకొకావిడ."

ఆ ఇంకొకావిడ ఎవరో కొప్‌కి తట్టలేదు. అమ్మకి దారిన పోయేవాళ్లనల్లా ప్రయాణానికి పిలిచే గుణం ఉంది. అడుగుదామంటే అమ్మ ముందు సీట్లో అప్పుడే కునుకు తీస్తోంది. దాంతో కొప్ కోపమంతా ఆ రాని మనిషి మీదికి మళ్లింది. ఇంతమందిని నిలబెట్టి తీరిగ్గా ముస్తాబవుతున్న ఆ మహాతల్లికి బుద్ధి లేదంది. అలాంటివాళ్లని వదిలేసి పోతే తప్ప దారికి రారంది. దిన్ కూడా నిజమేనండీ అంటూ తలూపాడు.

"ఇంతకీ ఆవిడ పేరేంటి?"

దిన్ ఫోన్ చూసి చెప్పాడు. "బువాలాయ్."

కొప్ మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"ఆవిడ వచ్చేసిందండీ," అంది. "మీ ఎదురుగానే ఉంది."

జరిగిందేమిటంటే, కొప్ అసలు పేరు బువాలాయ్. పోయిన నెల వరకూ. పాతికేళ్లు దాటాక ముగ్గురు అబ్బాయిలు ఒకరి తర్వాత ఒకరు ఆమెని ప్రేమించామన్నారు. 'వస్తాను, ఉండు' అని ఒక్కొక్కరు ఒక్కోచోట ఆమెని నిలబెట్టి రాకుండా పోయారు. మూడోవాడు రైల్వే స్టేషన్లో నిలబెట్టాడు. ఇక లాభం లేదని అమ్మ ఆమెని గుడిలో పెద్ద భిక్షువు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఆమె పుట్టిన రోజు చూసి, ఆ పేరు అచ్చిరాలేదని చెప్పి, రిన్‌రదా అని రాసిచ్చాడు. ఆఫీసుకెళ్లి పేరు మార్పించి కొత్త గుర్తింపు కార్డు తీసుకున్నారు. పాస్‌పోర్ట్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

దిన్ వివరాలు పంపమన్నప్పుడు కొప్ తన కొత్త కార్డు ఫొటో పంపింది. ఎందుకైనా మంచిదని అమ్మ కూతురి పాత పాస్‌పోర్ట్ ఫొటో కూడా పంపింది. ఇంటిపేరు ఒకటే కాబట్టి అక్కచెల్లెళ్లనుకున్నాడు దిన్.

"ఫొటో చూస్తే తెలీలేదా మీకు?"

"పోలికలు ఉన్నాయనే అనుకున్నానండీ. కాకపోతే పాస్‌పోర్ట్‌లో ఆవిడ కాస్త శాంతంగా కనిపించింది."

టీచరు గారి భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. కొప్ కూడా నవ్వేదే గానీ, అంతలో దిన్ మొహంలో నవ్వు పోయింది.

పేరు మార్చుకున్న కాగితం తెచ్చారా అని అడిగాడు. అది ఖోన్ కేన్‌లో గదిలో ఉంది. అక్కడికి వెళ్లి రావడమంటే ఈ రోజుకి ప్రయాణం మానుకోవడమే. కార్డులో ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఇంకో పేరు. సరిహద్దు వంతెన దగ్గర అడగకుండా పంపించేస్తే అదృష్టం, అడిగితే చూపించడానికి ఏమీ లేదు.

"కార్డు ఉంది కాబట్టి సరిహద్దు పాస్ తీసుకోవచ్చు," అన్నాడు. "మూడు రోజులు చెల్లుతుంది, అవతలి జిల్లా దాటి పోకూడదు. మీరు వెళ్లేది సవన్నఖేత్‌కే కాబట్టి సరిపోతుంది. కానీ ఆఫీసులో వరుస ఉంటుంది. టైమ్ పడుతుంది."

టైమే లేదు కొప్ దగ్గర. అవతల పాలమ్మ ఎదురుచూస్తోంది.

కొప్ కడుపులో ఉండగా, అమ్మ నిండు నెలలతో సవన్నఖేత్ సంతకి సరుకు తీసుకెళ్లినప్పుడు వాన కమ్ముకుంది. నది పొంగి పడవలు ఆగిపోయాయి. ముక్కూమొహం తెలియని ఖాంఫన్ అనే ఆవిడ ఇంట్లో పురుడొచ్చింది. అమ్మకి జ్వరం, పాలు పడలేదు. ఖాంఫన్ అప్పటికే తన బిడ్డకి పాలిస్తోంది. నది తగ్గేదాకా ఇద్దరికీ ఇచ్చింది. కొప్ బతికి బట్టకట్టింది ఆ పాలతోనే. ఆ పాలమ్మ ఈ ఎండాకాలం గుండెజబ్బుతో చావుదాకా వెళ్లి తిరిగొచ్చింది. జబ్బులో బెదిరి ఒంట్లోంచి జారిపోయిన ప్రాణాలను పిలిచి, మణికట్టుకి తెల్ల దారం కట్టి మళ్లీ నిలబెట్టే తంతు ఈ రోజు మధ్యాహ్నం లోపే. పాలమ్మ కోరింది ఒక్కటే, కొప్ వచ్చి తన చేతికి దారం కట్టాలని. పని, సెలవు దొరకదు అంటూ కొప్ అటు వెళ్లి చాలా కాలమైంది. ఈసారి కూడా వెళ్లకపోతే ఆ పాల ఋణానికి తను ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి?

దిన్ అంతా విన్నాడు. కొప్‌ని పాస్ ఆఫీసు దగ్గర దించాడు. పని కాగానే వంతెన దగ్గర బస్సులు ఆగే చోటుకి రమ్మన్నాడు. అమ్మని పాలమ్మ ఇంట్లో, టీచరు దంపతుల్ని గుడి దగ్గర దింపి వెనక్కి వస్తానన్నాడు.

"మీరు మళ్లీ వంతెన దాటి రావాలా? నేను బస్సులో వస్తాలెండి."

"బస్సు అవతల స్టాండ్ దాకానే. అక్కడి నుంచి ఆ ఊరికి ఈ వానలో బండి దొరకదు. నేను వస్తాను. ఉండండి."

వస్తాను, ఉండు. కొప్‌కి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. అయినా తలూపింది.

పాస్ అనుకున్నదానికంటే త్వరగానే చేతికొచ్చింది. అందులో పేరు రిన్‌రదా. ఆటో పట్టుకుని వంతెన దగ్గరికి వచ్చేసరికి వాన దంచేస్తోంది. రేకుల కప్పు కింద నిలబడింది. పాలమ్మ కోసం తెచ్చిన సాసేజ్‌ల సంచీని తడవకుండా గుండెకి హత్తుకుంది. దిన్ రాలేదు. అవతలికి వెళ్లే బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కుతావా అమ్మాయ్? ఇది పోతే మళ్లీ ఎప్పటికో," అంది టికెట్లావిడ.

కొప్ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ముగ్గురు గుర్తొచ్చారు. రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. మగవాడి 'వస్తాను'ని నమ్మి పాలమ్మ దగ్గరికి పోకుండా మిగిలిపోతే తనంత తెలివితక్కువది ఉండదనిపించింది. కానీ పొద్దున్న చూరు కింద నిలబడి, ఎవరు ఎన్ని తిట్టినా రోడ్డు వైపే చూసిన మనిషి కూడా గుర్తొచ్చాడు. ఆ మనిషి, లేని బువాలాయ్‌నే వదిలిపోలేదు.

కాలు వెనక్కి తీసుకుంది. బస్సు వెళ్లిపోయింది.

ఆ తర్వాత గడిచిన ప్రతి నిమిషానికీ తనని తాను తిట్టుకుంది. తిట్లు అయిపోయి ఏడుపు మొదలవబోతుండగా వ్యాన్ వచ్చి ఆగింది. దిన్ చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. వంతెన మీద లారీలు ఆగిపోయాయని, తనే దిగి దారి చేయించుకున్నానని చెప్పాడు.

"అక్కడ మొదలైపోయి ఉంటుంది," అంది కొప్.

"లేదండీ. తంతు చేయించే పెద్దాయన మంచి వేళ దాటిపోతోందని గొణిగాడు. కొంచెం ఆగండి తాతగారూ అని బతిమాలాను. అప్పుడు మీ పాలమ్మే చెప్పింది, నా బిడ్డ అవతలి ఒడ్డున వానలో నిలబడి ఉంటే నా ప్రాణాలు ఇక్కడికెలా వస్తాయి, అని. దాంతో అందరూ ఆగారు."

"మీరెందుకు బతిమాలారు? మీకేంటి సంబంధం?"

దిన్ వ్యాన్ తిప్పుతూ అన్నాడు. "పొద్దున్న లేని మనిషి కోసం వ్యాన్ ఆపాను కదా. ఉన్న మనిషి కోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

కొప్ కిటికీ వైపు తిరిగింది. అద్దం మీద వాన తప్ప ఏమీ కనిపించడం లేదు. అయినా నది దాటేదాకా అటే చూసింది.

పాలమ్మ చాప మీద కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. కొప్ మోకాళ్ల మీద జరుగుతూ వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టింది. పెద్దాయన మంత్రం మొదలుపెట్టబోతూ, వచ్చినమ్మాయి పేరేమిటని అడిగాడు. రిన్‌రదా అని అమ్మ గొప్పగా చెప్పింది.

"అదెవరు?" అంది పాలమ్మ. "నేను పాలిచ్చింది కప్పకి."

ఇల్లంతా నవ్వింది. కొప్ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆ సన్నటి మణికట్టుకి దారం కట్టింది. తిరిగి పాలమ్మ కొప్ చేతికి కట్టింది. తర్వాత గుమ్మంలో తడిబట్టలతో నిలబడ్డ దిన్‌ని పిలిచింది.

"నా బిడ్డని తెచ్చినవాడివి. నీకు కట్టకుండా పంపుతానా, నాయనా? దీన్ని మూడు రోజులు తియ్యకూడదు."

దిన్ రెండు చేతులూ జోడించి, చెయ్యి చాపాడు.

పాస్‌కి మూడు రోజులు, దారానికీ మూడు రోజులే గడువు. తర్వాతి నెల పాలమ్మని చూడటానికి కొప్ మళ్లీ వచ్చినప్పుడు దిన్ చేతికి ఆ దారం ఉంది, మాసిపోయి. ఆమె తన చేతి వైపు చూసుకుని చొక్కా చెయ్యి పైకి లాగింది. ఆమెదీ ఉంది.

ఆ తర్వాత ప్రతి నెలా వచ్చింది. ప్రతిసారీ అదే వ్యాన్, అదే పాస్ ఆఫీసు. ఇప్పుడు వరుసలో ఇద్దరూ నిలబడేవారు, జిగురన్నం, కాల్చిన కోడిమాంసం పంచుకుంటూ. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఎవరూ గమనించలేదు, అమ్మ తప్ప. కొత్త పాస్‌పోర్ట్ తీసుకుంటే ఈ వరుస బాధ తప్పుతుంది కదే అని ఆవిడ మందలించేది. సెలవు దొరకడం లేదమ్మా అనేది కూతురు. పాలమ్మ దగ్గరికి రావడానికి మాత్రం దొరికేది.

వానలు వెళ్లి చలి మొదలైంది. పాలమ్మ ఇప్పుడు గుమ్మం దాకా నడిచి సాగనంపుతోంది. తిరిగి వస్తుంటే వంతెన మీద కొప్ చెప్పింది, వచ్చే వారం పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్తానని.

"ఇప్పుడే వద్దు," అన్నాడు దిన్.

"ఏం?"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "ఇంటిపేరు కూడా మారితే మళ్లీ తీసుకోవాలి కదా. రెండు సార్లెందుకు తిరగడం?"

వెనక సీట్లో కునుకు తీస్తున్న అమ్మ కళ్లు తెరవకుండానే అంది, "ఇంటిపేరు మార్చుకుంటుందో లేదో దాని ఇష్టం, బాబూ. నువ్వు ముందు మీ పెద్దవాళ్లని తీసుకుని మా ఇంటికి రా."

"వస్తాను పిన్నిగారూ," అన్నాడు దిన్. కొప్ వైపు తిరిగి, "నువ్వేమంటావు? కప్పలు ఎండాకాలమంతా మట్టిలోనే కదా దాక్కునేది. నా పేరుకి అర్థం మట్టేగా."

"మట్టి తవ్వి కప్పల్ని పట్టుకుని కూర వండుకునేదీ మనూళ్లోనే," అంది కొప్. తర్వాత గొంతు మారింది. "దిన్, ఆ రోజు నువ్వు వెనక్కి వచ్చావు చూడు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

"బస్సు వదిలేసి ఉన్నావు కదా. అది నేనూ మర్చిపోను."

లావోస్‌లో రోడ్డుకి కుడివైపు నడిచిన వ్యాన్, వంతెన దిగాక మళ్లీ ఎడమవైపుకి మళ్లింది. కొప్ కళ్లు తుడుచుకుని మామూలు గొంతులో చెప్పింది.

"సరే, మీ ఇంట్లో చెప్పు. అమ్మాయి తరఫున బువాలాయ్, రిన్‌రదా, కొప్, ముగ్గురూ సిద్ధంగా ఉంటారని. ఈసారి ఎవరి కోసమూ వ్యాన్ ఆపక్కర్లేదు."